రక్తం పలచబడే మాత్రలు వాడేవారూ, వారి ఇంటివారూ తెలుసుకోవలసిన సంగతులు



మన ఆసుపత్రికి నెలనెలా రక్తపరీక్ష కోసం వచ్చే వారిలో కొందరు ఒకే రకమైన మాత్ర వాడుతున్నవారు. గుండెలో వాల్వు మార్పించుకున్నవారు, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నవారు, కాలి నరంలో రక్తం గడ్డకట్టి కాలు వాచినవారు, ఒకసారి పక్షవాతం వచ్చి కోలుకున్నవారు వారిలో ఉన్నారు. వీరిలో చాలామంది ఆ మాత్రను అసిట్రామ్ అనీ, వార్ఫ్ అనీ కంపెనీ పేరుతో పిలుస్తారు. లోపల ఉన్న మందు పేరు అసెనోకౌమరాల్ లేదా వార్ఫరిన్. ఇవి చిన్న మాత్రలు, ధర కూడా పెద్దది కాదు. కాని వీటి విషయంలో ఏమరుపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. తక్కువ వాడితే రక్తం గడ్డకడుతుంది, ఎక్కువ వాడితే రక్తం కారుతుంది. ఈ రెండింటి నడుమ సరిగా నడిపించడం డాక్టరు ఒక్కరి పని కాదు. రోగి, మాత్ర చేతికిచ్చే ఇల్లాలు లేక కొడుకు, మందుల షాపువారు, ఊరిలో జ్వరానికి చూసే వైద్యుడు, మాలాంటి నర్సులు అందరూ కలిస్తేనే అది సాధ్యం. అందుకే ఈ సంచికలో ఈ విషయం రాస్తున్నాము.

మా వలన జరిగిన ఒక పొరపాటు

ముందుగా మా తప్పు చెప్పి ఆ తరువాత మీ జాగ్రత్తలు చెప్పడం న్యాయం. కొన్నేళ్ళ క్రితం గుండె లయ తప్పిన ఒక పెద్దాయనను మా వార్డు నుండి ఇంటికి పంపించాము. ఆయనకు ఒకరోజు 2 మి.గ్రా., మరుసటి రోజు 3 మి.గ్రా., ఇలా మార్చి మార్చి వేసుకోవాలని రాశారు. చీటీ ఇంగ్లీషులో ఉంది. పక్కనున్న కొడుకుకు మేము వివరంగా చెప్పాము. అతడు సరే అన్నాడు. రెండు రోజులకు అతడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఇంట్లో మాత్రలు ఇచ్చేది పెద్దావిడ. ఆమెకు చదువు రాదు. రెండు రకాల మాత్రలు ఉన్నాయి కదా అని రోజూ రెండూ ఇచ్చింది. పన్నెండు రోజుల తరువాత ఎర్రటి మూత్రంతో ఆయనను ఆటోలో తీసుకొచ్చారు. దేవుని కృప వలన, సమయానికి వచ్చినందువలన ఆయన బ్రతికారు.

ఆ పెద్దావిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "నాకు చెప్పుంటే బాగుండేది సిస్టరమ్మా" అని మాత్రం అంది. ఆ మాట ఇప్పటికీ మా చెవిలో ఉంది. అప్పటి నుండి మా వార్డులో మూడు పనులు తప్పనిసరి చేశాము. మాత్ర చీటీ తెలుగులో, వారాల పేర్లతో గళ్ళు గీసి ఇస్తాము. ఇంట్లో మాత్ర ఎవరు ఇస్తారో అడిగి వారినే పిలిపించి చెబుతాము. చెప్పిన తరువాత "ఇప్పుడు మీరు మాకు చెప్పండి" అని వారి నోట తిరిగి చెప్పించుకుంటాము. ఇలా చెప్పించుకోవడం మీ తెలివిని పరీక్షించడానికి కాదు. మేము సరిగా చెప్పామా లేదా అని చూసుకోవడానికే. కనుక దయచేసి విసుగుకోవద్దు.

ఈ మాత్ర ఏమి చేస్తుంది?

"రక్తం పలచబడే మాత్ర" అనడం వాడుక. నిజానికి ఇది రక్తాన్ని నీళ్ళలా పలచన చేయదు. వేలు తెగినప్పుడు రక్తం కొంతసేపటికి గడ్డకట్టి ఆగిపోతుంది. ఇలా ఆగడానికి కొన్ని పదార్థాలు కావాలి. వాటిలో నాలుగింటిని మన కాలేయం విటమిన్ కె సహాయంతో తయారు చేస్తుంది. ఈ మాత్ర విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది. అందువలన ఆ పదార్థాలు తగ్గి, రక్తం గడ్డకట్టడానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఒంట్లో ముందే తయారై ఉన్న పదార్థాలు ఖర్చయ్యే దాకా మాత్ర ప్రభావం పూర్తిగా కనిపించదు. వార్ఫరిన్ అయితే ప్రభావం మొదలు కావడానికి రెండు మూడు రోజులు, పూర్తిగా నిలదొక్కుకోవడానికి సుమారు వారం పడుతుంది. కనుక ఈ రోజు మోతాదు మార్చితే రేపే పరీక్షలో తేడా రాదు. అలాగే పొరపాటున ఎక్కువ వేసుకుంటే ఆ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు రోజుల తరువాత బయటపడుతుంది. "నిన్న ఎక్కువ వేసుకున్నాను, ఏమీ కాలేదు" అని ధీమాగా ఉండకూడదు.

మన ప్రాంతంలో ఎవరికి ఎక్కువ అవసరం?

చిన్నతనంలో గొంతునొప్పి, తరువాత కీళ్ళ జ్వరం వచ్చి, అది గుండె వాల్వులను పాడుచేయడం మన పేద కుటుంబాలలో ఇంకా చూస్తూనే ఉన్నాము. అలా పాడైన వాల్వు తీసి లోహంతో చేసిన వాల్వు పెడతారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన వాల్వును మొదటిసారి 1990లో రోగికి అమర్చారు. మన దేశపు వాల్వు వచ్చాక ఖర్చు తగ్గింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కూలి పని చేసుకునేవారికి కూడా ఇటువంటి ఆపరేషన్లు అందాయి. ఇది సంతోషించవలసిన విషయం. అయితే ఆపరేషన్ నగరంలో ఒక్కసారి జరుగుతుంది, మాత్ర మాత్రం ఊరిలో జీవితాంతం వాడాలి. లోహపు వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఈ మాత్రే. వాల్వు మార్చారు కదా, ఇక జబ్బు పోయింది అని మాత్ర ఆపితే ఆ వాల్వే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఐ.ఎన్.ఆర్. పరీక్ష

మాత్ర సరిపోతున్నదా, ఎక్కువైందా అని తెలుసుకోవడానికి చేసే రక్తపరీక్ష ఇది. మాత్ర వాడని ఆరోగ్యవంతుడికి ఈ అంకె సుమారు 1 ఉంటుంది. గుండె లయ తప్పినవారికి, కాలి నరంలో గడ్డకట్టినవారికి సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండాలంటారు. ఎడమ పక్క మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుండి 3.5 మధ్య ఉండాలంటారు. మీకు ఎంత ఉండాలో మీ డాక్టరు మీ కార్డు మీద రాయాలి. రాయకపోతే అడిగి రాయించుకోండి. పక్కింటివారి అంకెతో మీ అంకెను పోల్చుకోవద్దు.

పూర్వం ఈ పరీక్షను సెకండ్లలోనే చెప్పేవారు. ఒక్కో ల్యాబులో వాడే రసాయనాన్ని బట్టి ఆ సెకండ్లు మారిపోయేవి. ఎక్కడ చేయించినా ఒకేలా అర్థమయ్యేలా 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐ.ఎన్.ఆర్. పద్ధతిని తెచ్చింది. రిపోర్టులో సెకండ్లు కూడా ఉంటాయి. మీరు చూడవలసింది ఐ.ఎన్.ఆర్. అంకె.

మాత్ర మొదలుపెట్టిన కొత్తలో తరచుగా పరీక్ష చేయాలి. అంకె నిలకడగా ఉన్న తరువాత సాధారణంగా నెలకు ఒకసారి చేయిస్తాము. ఈ పరీక్షకు పరగడుపున రానవసరం లేదు. టిఫిన్ చేసి రండి. రక్తం తీసే సిస్టర్ నీలి మూత గొట్టంలో గీత వరకు నింపాలి. తక్కువ పోస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. మేము రెండవసారి గుచ్చవలసి వస్తే కోపం తెచ్చుకోవద్దు, తప్పు రిపోర్టు మీద మోతాదు మార్చడం కంటే అదే మేలు.

రోజూ పాటించవలసిన పద్ధతి

మాత్రను రోజూ ఒకే వేళకు వేసుకోండి. సాయంత్రం 6 గంటలు అనుకూలం. పగలు పరీక్ష చేయించి, మోతాదు మార్చవలసి వస్తే ఆ సాయంత్రం నుండే మార్చవచ్చు. సాయంకాల కుటుంబ ప్రార్థన చేసుకునే ఇండ్లలో ప్రార్థనకు ముందు మాత్ర వేసుకునే అలవాటు చేసుకుంటే మరచిపోరు. వేసుకున్న వెంటనే గోడ క్యాలెండరులో ఆ తేదీ మీద టిక్కు పెట్టండి. వేసుకున్నానా లేదా అనే సందేహం వృద్ధులకు తరచుగా వస్తుంది. టిక్కు చూస్తే తేలిపోతుంది.

ఒక పూట మరచిపోతే, ఆ రోజే గుర్తుకు వస్తే వేసుకోండి. మరుసటి రోజు గుర్తుకు వస్తే మరచినదాన్ని వదిలేసి ఆ రోజు మాత్ర మాత్రమే వేసుకోండి. రెండు కలిపి ఎప్పుడూ వేసుకోవద్దు. మరచిన తేదీని కార్డు మీద రాసి, వచ్చినప్పుడు చూపించండి. దాచవద్దు. మీరు దాస్తే డాక్టరుగారు మోతాదు చాలలేదనుకొని పెంచుతారు. అది మీకే హాని.

మందుల షాపులో ప్రతిసారీ పట్టీ మీద ఎన్ని మి.గ్రా. ఉందో చదివించుకోండి. 1 మి.గ్రా., 2 మి.గ్రా., 3 మి.గ్రా., 4 మి.గ్రా. ఇలా రకరకాలు ఉంటాయి. "అదే మందు" అని వేరే మోతాదు ఇచ్చిన సందర్భాలు మేము చూశాము. చదువు రానివారు పాత పట్టీ వెంట తీసుకెళ్ళి, రెండూ పక్కపక్కన పెట్టి చూపమని అడగండి. మాత్రలు అయిపోకముందే, కనీసం వారం రోజుల ముందు కొనుక్కోండి.

ఆకుకూరలు మానాలా?

మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఆకుకూరలలో విటమిన్ కె ఉంటుంది. తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర, మెంతికూర, మునగాకు అన్నీ ఈ కోవలోనివే. అందుకని కొందరు పూర్తిగా మానేస్తారు. అది అవసరం లేదు. రక్తహీనత ఉన్న మన స్త్రీలకు ఆకుకూర మానడం మంచిది కూడా కాదు. మీరు వారానికి రెండుసార్లు తినేవారైతే రెండుసార్లే తినండి. ఒక వారం అసలు తినకుండా, తరువాతి వారం రోజూ గోంగూర పచ్చడి, పప్పుకూర తింటే అంకె తప్పుతుంది. తినేది ఎప్పుడూ ఒకేలా ఉంటే, దానికి సరిపోయేలా డాక్టరు మాత్ర మోతాదు పెడతారు. కోడికూర, చేపలు, పప్పు, పెరుగు మామూలుగా తినవచ్చు. కూరలో వేసే అల్లం, వెల్లుల్లి, పసుపు వలన భయం లేదు. అవే క్యాపిల్సులుగా, పొడులుగా మందులా వాడాలంటే మాత్రం ముందు అడగండి. మూలికల పొడులలో ఏమి కలిపారో తెలియదు కనుక వాటికి దూరంగా ఉండండి. సారా, బ్రాందీ అలవాటు ఉన్నవారికి అంకె నిలకడగా ఉండదు, పడిపోయి దెబ్బలు తగిలే ప్రమాదం కూడా ఉంది.

ఉపవాసం సంగతి

సంఘ కుటుంబాలకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మిషను కుట్టుకొని బ్రతికే ఒక సహోదరికి వాల్వు మార్చి అయిదేళ్ళయింది. అంకె రెండేళ్ళుగా చక్కగా ఉంది. ఒక శ్రమకాలంలో ఆమె నలభై రోజులు ఒంటిపూట భోజనం అని తీర్మానించుకుంది. మూడవ వారంలో విరేచనాలు పట్టుకున్నాయి. ఊరిలో చూపించుకుంటే మెట్రోనిడజోల్ మాత్రలు, ఒళ్ళునొప్పులకు ఇంకో మాత్ర ఇచ్చారు. ఆమె అసిట్రామ్ సంగతి చెప్పలేదు, వారు అడగలేదు. వారం తిరిగేసరికి పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుండి రక్తం ఆగలేదు, తొడల మీద నల్లటి మచ్చలు తేలాయి. పరీక్షలో అంకె 9 దాటింది. డాక్టరుగారు మాత్ర ఆపి, కొద్ది మోతాదులో విటమిన్ కె ఇచ్చి, రోజూ పరీక్షించి చక్కబరిచారు.

తిండి తగ్గితే ఒంట్లోకి వచ్చే విటమిన్ కె తగ్గుతుంది. దాని మీద విరేచనాలు, దాని మీద మరో మందు. మూడూ కలిసి అంకెను పైకి లేపాయి. ఉపవాసం చేయవద్దని చెప్పే అధికారం మాకు లేదు. కాని ఈ మాత్ర వాడేవారు దీర్ఘ ఉపవాసం మొదలుపెట్టే ముందు మమ్మల్ని కలిసి, మధ్యలో పరీక్ష చేయించుకోవాలి. భోజనం మానకుండా వేరొక దానిని విడిచిపెట్టి ప్రార్థనలో గడపడం వీరికి క్షేమం. పాస్టరుగార్లు కూడా ఈ మాట సంఘంలో చెప్పవలసిందిగా మనవి.

ప్రార్థన చేయించుకున్నాక మాత్ర మానవచ్చా?

ఈ సంగతి రాయడానికి మాకు బాధగా ఉంది, అయినా రాయాలి. వాల్వు ఉన్న ఒక యౌవనస్థుడు స్వస్థత కూటంలో ప్రార్థన చేయించుకొని, విశ్వాసంతో మాత్ర మానేశాడు. కొన్ని వారాలు బాగానే ఉన్నాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా కుడిచేయి పట్టు తప్పింది, మాట పోయింది. వాల్వు మీద కట్టిన గడ్డ మెదడుకు వెళ్ళింది. ఇప్పుడు అతని తల్లి అతనికి ముద్దలు కలిపి పెడుతోంది.

మేము ప్రతి ఉదయం వార్డులో ప్రార్థనతో పని మొదలుపెట్టేవారము. ప్రార్థన శక్తిని తక్కువ చేసి మాట్లాడము. పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని ప్రభువు స్వస్థపరచిన సంగతి మనకు తెలుసు. సువార్త రాసిన లూకా వైద్యుడని కూడా మనకు తెలుసు. స్వస్థత కలిగిందని నమ్మినవారు పరీక్ష చేయించుకొని, డాక్టరుతో మాట్లాడి అప్పుడు నిర్ణయించుకోండి. లోహపు వాల్వు గుండెలో ఉన్నంతకాలం మాత్ర అవసరం ఉంటుంది. ప్రార్థించండి, మాత్ర కూడా వేసుకోండి.

ఇతర మందులతో ప్రమాదం

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా, కంటి డాక్టరైనా, ఊరిలో ఆర్.ఎం.పి. అయినా, కూర్చోగానే చెప్పవలసిన మొదటి మాట "నేను రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను" అని.

నొప్పుల మాత్రలు: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కడుపులో పుండు చేసి రక్తస్రావం తెస్తాయి. షాపులో అడిగి కొనుక్కోవద్దు. మామూలు నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ మేలు. అది కూడా రోజుల తరబడి వాడవలసి వస్తే పరీక్ష చేయించాలి. ఆస్పిరిన్ డాక్టరు ప్రత్యేకంగా రాస్తేనే వాడాలి.

అంకెను పెంచేవి: మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకొనజోల్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్. యాంటిబయాటిక్ ఏది మొదలుపెట్టినా నాలుగైదు రోజులలో ఐ.ఎన్.ఆర్. చేయించుకోండి.

అంకెను తగ్గించేవి: క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే కార్బమజెపైన్. రిఫాంపిసిన్ మొదలుపెట్టినప్పుడు మాత్ర మోతాదు బాగా పెంచవలసి వస్తుంది, క్షయ మందు పూర్తయినప్పుడు మళ్ళీ తగ్గించాలి. ఈ రెండవది మరచిపోవడం వలన రక్తస్రావం జరుగుతుంది. క్షయ మందులు ఆపిన రోజు నుండి మాతో తరచుగా పరీక్ష చేయించుకోండి.

సూదిమందులు: నడుము నొప్పికి, జ్వరానికి పిరుదుకు సూది వేయించుకోవడం మన ఊళ్ళలో అలవాటు. ఈ మాత్ర వాడేవారికి కండలో లోపల రక్తం పేరుకొని పెద్ద గడ్డలా వాచిపోవచ్చు. అనవసరపు సూదులు వద్దని ధైర్యంగా చెప్పండి. కీళ్ళ జ్వరం వచ్చినవారికి మూడు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ సూది విషయం వేరు. అది అవసరమైనది, మీ అంతట మీరు మానవద్దు. ఐ.ఎన్.ఆర్. చూసుకొని సూది వేసి, చాలాసేపు అదిమి పట్టుకుంటాము. కొందరికి డాక్టరుగారు బదులుగా పెన్సిలిన్ మాత్రలు ఇస్తారు. టీకాలు వేయించుకోవచ్చు, సన్న సూదితో వేసి గట్టిగా అదిమి పట్టమని చెప్పండి.

స్త్రీలకు ప్రత్యేకంగా

వాల్వు మార్పించుకున్న మన అమ్మాయిలలో చాలామంది చిన్నవయస్సువారు. పెళ్ళి సంబంధం పోతుందని ఈ సంగతి దాచవద్దు. గర్భం వచ్చిన తొలి నెలలలో, ముఖ్యంగా 6 నుండి 12 వారాల మధ్య ఈ మాత్ర కడుపులోని బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని భయపడి మాత్ర ఆపేస్తే తల్లి వాల్వు గడ్డకట్టి ఇద్దరికీ ప్రమాదం. బిడ్డను కోరుకునేవారు గర్భం రాకముందే భర్తతో కలిసి వచ్చి డాక్టరుతో మాట్లాడండి. నెల తప్పితే మరుసటి రోజే రండి, మాత్ర ఆపకుండా రండి. అవసరాన్ని బట్టి హెపారిన్ సూదులకు మార్చడం, మోతాదు సరిచేయడం వంటివి డాక్టర్లు నిర్ణయిస్తారు. ప్రసవం పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. వార్ఫరిన్ వాడే తల్లి బిడ్డకు పాలు ఇవ్వవచ్చు.

నెలసరి రక్తస్రావం మునుపటికంటే ఎక్కువైతే సిగ్గుపడకుండా సిస్టర్లతో చెప్పండి. గర్భనిరోధక మాత్రలు మీ అంతట మీరు కొనుక్కోవద్దు, కొన్నింటి వలన రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

ఈ కింది జాబితాను కత్తిరించి గోడకు అంటించుకోండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి.

రక్తం ఎక్కువగా పలచబడిన గుర్తులు:
• ముక్కు నుండి రక్తం 10 నిమిషాలు అదిమి పట్టినా ఆగకపోవడం
• మూత్రం ఎర్రగా లేదా కాఫీ రంగులో రావడం
• మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం
• దెబ్బ తగలకుండానే పెద్ద పెద్ద కమిలిన మచ్చలు
• ఎన్నడూ లేనంత తలనొప్పి, వాంతులు, మగత
• తలకు దెబ్బ తగలడం. పైకి ఏమీ కనిపించకపోయినా, బాగానే ఉన్నా తప్పక రావాలి

రక్తం గడ్డకట్టిన గుర్తులు:
• మూతి వంకర పోవడం, చేయి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం
• ఒక్కసారిగా ఆయాసం, ఛాతీ నొప్పి
• లోహపు వాల్వు ఉన్నవారికి రోజూ వినిపించే టిక్కు టిక్కు శబ్దం మందగించడం లేదా వినిపించకపోవడం
• ఒక కాలు వాచి నొప్పిగా ఉండటం, లేదా చల్లబడి తెల్లబారడం

వాల్వు శబ్దం రాత్రి నిశ్శబ్దంలో భార్యకు, తల్లికి కూడా వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని గమనించే పని ఇంటివారు కూడా చేయవచ్చు.

జ్వరం వచ్చి డెంగ్యూ అని అనుమానం ఉంటే కూడా వెంటనే రండి. డెంగ్యూలో రక్తం ఆగడానికి కావలసిన కణాలు తగ్గుతాయి, ఈ మాత్ర తోడైతే ప్రమాదం రెట్టింపు.

మీరు అడిగిన ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇది ఎలుకల మందు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కథ నిజమే, భయం అక్కరలేదు. 1920లలో అమెరికా, కెనడా దేశాలలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం తిన్న పశువులు రక్తం కారి చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకాయన చచ్చిన పెయ్యను, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యాను తీసుకొని మంచులో ప్రయాణం చేసి విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడి శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి శ్రమించి ఆ గ్రాసంలోని పదార్థాన్ని కనిపెట్టారు. దాని నుండి వచ్చిన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకు మందుగా అనుమతి వచ్చింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దీనిని ఇచ్చారు. మోతాదే మందుకూ విషానికీ తేడా. అందుకే ఇంతగా పరీక్షలు అంటున్నాము. మాత్రలు పిల్లలకు అందకుండా పైన పెట్టండి.

ప్రశ్న: పరీక్ష అవసరం లేని కొత్త మాత్రలు వచ్చాయట. వాటికి మారవచ్చా?

జవాబు: డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ అనేవి వచ్చాయి. గుండె లయ తప్పిన చాలామందికి, కాలి నరంలో గడ్డకట్టినవారికి అవి మంచి మందులే. నెలనెలా ఐ.ఎన్.ఆర్. అక్కరలేదు. కాని లోహపు వాల్వు ఉన్నవారికి అవి పనికిరావు. అటువంటి వారిలో డాబిగాట్రాన్‌తో చేసిన పరిశోధనలో గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో ప్రచురించారు. కీళ్ళ జ్వరం వలన వాల్వు పాడై లయ తప్పినవారిలో పాత మాత్రలే మేలని 2022లో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది. అందులో మన దేశపు రోగులు కూడా ఉన్నారు. కనుక పక్కవారి మాత్ర చూసి మారవద్దు. కొత్త మాత్రలు వాడేవారు కూడా ఒక్క పూట మరచిపోకూడదు, వాటి ప్రభావం త్వరగా దిగిపోతుంది. వారికి అప్పుడప్పుడు మూత్రపిండాల పరీక్ష చేయాలి.

ప్రశ్న: పన్ను తీయించుకోవాలి. ఎన్ని రోజులు మాత్ర ఆపాలి?

జవాబు: మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపవద్దు. అంకె హద్దులో ఉంటే ఒకటి రెండు పళ్ళు మాత్ర ఆపకుండానే తీయవచ్చు, రక్తం ఆగడానికి పంటి డాక్టరు దూది అదిమి, కుట్టు వేస్తారు. ఒకరోజు ముందు ఐ.ఎన్.ఆర్. చేయించి ఆ కాగితం తీసుకెళ్ళండి. వాల్వు జబ్బు ఉన్నవారికి పన్ను తీసే ముందు యాంటిబయాటిక్ కూడా కావలసి రావచ్చు. పెద్ద ఆపరేషన్ అయితే మాత్ర ఎప్పుడు ఆపాలి, మధ్యలో హెపారిన్ కావాలా, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది డాక్టర్లు కాగితం మీద రాసి ఇస్తారు.

ప్రశ్న: అంకె సంవత్సరం నుండి బాగానే ఉంది. ఇంకా ప్రతి నెలా రావాలా?

జవాబు: బాగా ఉన్నది మీరు క్రమంగా వస్తున్నందువలనే. ఆటో ఖర్చు, ఒకరోజు కూలి పోతుందని మాకు తెలుసు. ఎన్నాళ్ళకొకసారి వస్తే సరిపోతుందో మీ డాక్టరునే అడగండి. వారు చెప్పిన తేదీ మాత్రం తప్పవద్దు.

చివరిగా

పసుపు రంగు కార్డు మీకు ఇచ్చాము కదా. అందులో మీ పేరు, మాత్ర ఎందుకు వాడుతున్నారు, మీ అంకె ఎంత ఉండాలి, ఈ వారం మోతాదు, చివరి పరీక్ష తేదీ ఉంటాయి. పెళ్ళికి వెళ్ళినా, పండుగకు పుట్టింటికి వెళ్ళినా, కూలికి వలస వెళ్ళినా అది జేబులోనో చేతిసంచిలోనో ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోరు తెరిచి చెప్పలేడు, కార్డు చెబుతుంది. దానిని పోగొట్టుకున్నవారు నర్సింగ్ ఆఫీసులో అడిగితే మరొకటి ఇస్తాము.

ఈ పత్రిక చదివిన మీరు మాత్ర వాడకపోవచ్చు. మీ వీధిలో, మీ సంఘంలో వాడేవారు తప్పక ఉంటారు. స్త్రీల సమాజం సహోదరీలు అటువంటి ఇంటికి వెళ్ళినప్పుడు రెండు మాటలు అడగండి: "మాత్ర ఎవరు ఇస్తున్నారు? చివరి పరీక్ష ఎప్పుడు చేయించారు?" చదువు రాని పెద్దావిడకు కార్డు చదివి వినిపించడం కూడా పరిచర్యే. ఆనాడు ఆ ఇంట్లో అలా అడిగేవారు ఒక్కరున్నా ఆ పెద్దాయన ఎర్రటి మూత్రంతో మా గుమ్మం దాకా వచ్చేవారు కాదు.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున